కుట్లు లేని గొంతు

మందసలో బస్సెక్కారట, ఇంకో గంటలో వచ్చేస్తారట అని కింద మందుల కొట్టు ఫోనుకొచ్చిన కబురును నర్సు అశ్విని పైకొచ్చి చెప్పి వెళ్ళిపోయింది గానీ, ఆ మాట చెవిన పడిన దగ్గర్నుంచీ బొడ్డమ్మకు పరుపు మీద ఒళ్ళు నిలవడం లేదు. వచ్చేది ఎవరో చుట్టం కాదు, కట్టుకున్నవాడు. గున్నయ్య. చూపు లేని మనిషి. కొడుకు ధనుంజయ్ భుజం మీద చెయ్యేసుకుని, తోటల్లోంచి ఇసకదారి పట్టుకుని, బస్సెక్కి, పలాసలో దిగి, ఈ ఆసుపత్రి మెట్లు ఒక్కొక్కటీ కాలివేళ్ళతో తడుముకుంటూ ఎక్కి వస్తాడు. వచ్చి, 'ఏటే, ఎలాగున్నావు?' అంటాడు. అనక మానడు. అని ఊరుకోడు, తల కాస్త వంచి, చెవి ఇటు పెట్టి, జవాబు కోసం నిలబడతాడు. నిలబడితే తను ఏం చెయ్యాలి? తలూపితే వాడికి కనబడదు. నవ్వితే కనబడదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అంతకన్నా కనబడదు. రావద్దని చెప్పమంటే ఎవరూ వినరే! వినడానికి తను చెప్పగలిగితే కదా. చేతులు అడ్డంగా తిప్పి, కళ్ళు తిప్పి, పొద్దున ధనుంజయ్‌కి ఎంత సైగ చేసింది, ఆ వెధవాయి 'అలగేనమ్మా, అయ్యని తీసుకొత్తాను, నువ్వు బెంగెట్టుకోకు' అని ఎదురు అర్థం చేసుకుని బయల్దేరిపోయాడు. కన్న కొడుక్కి కూడా తన చేతులు చెప్పేది తెలియలేదు. తెలియదు మరి, ఈ చేతులు ఎప్పుడు మాట్లాడాయని? మాట్లాడిందంతా నోరే.

గొంతు మీద దురద. ఇదిగో, మళ్ళీ మొదలైంది. చెయ్యి దానంతటది పైకి లేచింది, గెడ్డం దాకా పోయింది, అక్కడ ఆగింది. ముట్టుకోకూడదు. నూనె రాయకూడదు, పసుపు పెట్టకూడదు, గోకకూడదు, తడపకూడదు, తల వెనక్కి వాల్చకూడదు. చెయ్యకూడనివి ఇన్ని చెప్పిన డాక్టరు చెయ్యాల్సింది ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు, అదే కదా ఒళ్ళు మంట. ఒళ్ళు కోసి పడుకోబెట్టాక మనిషికి ఏదో ఒక పనుండాలి. కట్టు మార్చడమో, పుండు కడగడమో, మందు అద్దడమో. దీనికి కట్టే లేదు. గొంతుకి అడ్డంగా, కంఠె పెట్టుకునే చోట, వేలెడు పొడుగు కోత, దాని మీద పారదర్శకంగా, కోడిగుడ్డు సొన ఆరినట్టు ఒక పొర. అంతే. కుట్టలేదు. అతికించారు. జిగురుతో.

జిగురుతో! ఆపరేషనుకి ముందు, నోట్లో మాట ఉన్న రోజున, ఆ కుర్ర డాక్టరును పట్టుకుని ఎంత వాదించింది. "జిగురేటి బావూ? నా గొంతేటి సిరిగిపోయిన పుస్తకమా, మెతుకెట్టి అతికించీడానికి? సూదీ దారం అయిపోనాయేటి మీ ఆసుపత్రిలో? సెప్పు, మావోడిని పంపి తెప్పిత్తాను." ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, డాక్టరు కూడా నవ్వాడు, నవ్వి కుర్చీ దగ్గరకు లాక్కుని చెప్పాడు. "లోపల దారంతోనే కుడతాం అమ్మా, ఆ దారం లోపలే కరిగిపోతుంది. పైన తోలు వరకే ఈ మందు. రెండంచులూ దగ్గరికి పట్టుకుని పైన పూస్తే గట్టిపడి పట్టేస్తుంది. కుట్లు విప్పించుకోడానికి అంత దూరం నుంచి మళ్ళీ రానక్కర్లేదు. లోపల తోలు అతుక్కునేసరికి అదే ఎండి పొట్టులా రాలిపోతుంది. మచ్చ కూడా సన్నగా ఉంటుంది." మచ్చ సన్నగా ఉంటే ఎవరికోయ్, మనవలెత్తిన దాన్ని, నాకు మళ్ళీ పెళ్ళి చూపులా అని అడిగింది. అది కూడా నోట్లో మాట ఉన్న రోజునే. ఇప్పుడు తలచుకుంటే ఆ మాటలన్నీ ఎవరో దొడ్డ ఇల్లాలు విచ్చలవిడిగా ఖర్చు పెట్టేసినట్టున్నాయి.

కుట్లు లేవంటే నమ్మేదెవరు? ఉద్దానంలో ఎవరైనా కోత కోయించుకుని వచ్చారంటే గుమ్మంలో అడిగే మొదటి మాట నొప్పెలా ఉంది అని కాదు, ఎన్ని కుట్లు పడ్డాయి అని. కొబ్బరిచెట్టు మీంచి జారి గున్నయ్య పిక్క చీరుకుపోయిన ఏడు, కాంపౌండరు మత్తు కూడా ఇవ్వకుండా నల్లదారంతో కుట్టాడు, కుట్లు చీమలబారులా ఉన్నాయి, ఊరు ఊరంతా వచ్చి పంచె పైకెత్తమని చూసి, వేళ్ళతో లెక్కబెట్టి, 'గట్టోడివే' అని వెళ్ళారు. తనకు పిల్లలు చాలని చేయించుకున్న ఆపరేషనుకీ అంతే, ఆడవాళ్ళందరూ వరసపెట్టి చూశారు, తక్కువ పడ్డవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు కూడా. కుట్టంటే ఓర్చుకున్నదానికి గుర్తు. ఇప్పుడు ఈ కోతకు గుర్తేది? నిన్నటిదాకా పక్క మంచం మీదున్న కంచిలి ఆవిడ, కడుపు కోసిన మనిషి, లేవలేక లేవలేక లేచి వచ్చి మరీ చూసింది. "ఇదేటమ్మా, కుట్టే నేదు! సైకిలు టూబుకి అతుకేసినట్టేసీసినారు. గాలి దిగిపోదు కదా?" అని, తన చీర కుచ్చెళ్ళు దించి తన కుట్లు చూపించుకుంది, నగ చూపించినట్టు. దానికి ఎంత జవాబు ఉంది బొడ్డమ్మ దగ్గర! 'నీది గోనెసంచి గనక పురికోసతో కుట్టారు, నాది పట్టుగుడ్డ గనక అతికించారు' అని నాలిక మీదికి వచ్చింది. నాలిక మీదే ఉండిపోయింది. ఇలాంటివి ఎన్ని ఉండిపోయాయో ఈ నాలుగైదు రోజుల్లో, మింగితే కడుపు నిండిపోయేటన్ని.

మాట ఇలా లోపలే ఉండిపోవడం జిగురు వల్ల అనే అందరూ అనుకుంటున్నారు. అనుకోనీ. ఆ ముక్క పుట్టించింది తోటికోడలు సీతారత్నం. ఆసుపత్రిలో తోడుండడానికి వచ్చింది, వచ్చిన మొదటి రోజే తలుపు దగ్గర కాపలా కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. "మా అప్ప మాటాడకూడదు. మాటాడితే గొంతు కదిలి జిగురు పగిలిపోద్ది. ఆరేదాకా మాట బందు." డాక్టరు ఆ మాట అనలేదు. మెల్లగా మాట్లాడచ్చు, జిగురు ఊడదు, భయం లేదు అనే అన్నాడు. అన్నప్పుడు బొడ్డమ్మ గొంతు మీదికి వేలు చూపించి తల అడ్డంగా ఊపింది, ఆయన పల్లెటూరి భయమనుకుని నవ్వి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. కానీ అసలు సంగతి బొడ్డమ్మకే తెలుసు. కోత కోసిన మర్నాడు తెల్లారి, సీతారత్నం మొహం కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, గదిలో ఎవరూ మెలకువగా లేకుండా చూసుకుని, 'మావా' అని పిలిచి చూసింది. గున్నయ్యను పిలిచే పిలుపు. మంచి నీళ్ళు అడిగినట్టు కాదు, పొయ్యి దగ్గర్నుంచి తోట చివరకు వినబడేటట్టు పిలిచే పిలుపు. రాలేదు. పగిలిన వెదురుగొట్టంలోంచి వచ్చినట్టు గాలి వచ్చింది. ఉత్త గాలి. మళ్ళీ చూడ్డానికి ధైర్యం చాలలేదు. చూస్తే రెండోసారి కూడా రాకపోతే? ఒకసారి రాకపోతే అది నీరసం. రెండుసార్లు రాకపోతే అది నిజం. అందుకే జిగురు చాటున దాక్కుంది. తనకు పనికిమాలిన జిగురు దీనికి మాత్రం పనికొచ్చింది.

ఇంతకీ ఆ కంతి ఏం చేసిందని? ఎన్నేళ్ళుగానో గొంతు మీద కూర్చుంది, మొదట ఉసిరికాయంత, తర్వాత పనసగింజంత, ఆఖరికి మామిడికాయంత అయ్యింది. ఊళ్ళో కంతి బొడ్డమ్మ అంటే గానీ తెలియకుండా పోయింది. మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఏడు మింగుడు పడక, పడుకుంటే ఊపిరాడక, 'కోయించీ, కోయించీ' అని అందరూ చుట్టుముట్టి ఇక్కడికి తెచ్చారు. కంతి పోయింది, దానితో మాట కూడా పోయింది. ఎలకను పట్టడానికి ఇంటికి నిప్పెట్టుకున్నట్టు. ఇది ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకోడానికే కదా మాట కావాల్సింది, ఛీ.

మాట పోతే తనకు పోయేదేముంది, మూగవాళ్ళు బతకడం లేదా అని సర్దుకోబోతుంది ఒక్కో ఘడియ. కానీ ఆ ఇంట్లో మాటంటే మాట కాదు. గున్నయ్యకు చూపు ఒక్కసారి పోలేదు, కళ్ళల్లో నీటికాసులన్నారు, అటు పక్క ఒక తలుపు, ఇటు పక్క ఒక తలుపు మెల్లమెల్లగా మూసినట్టు మూసుకుపోయింది. కొబ్బరిచెట్టెక్కి సముద్రం మీద పడవలు ఎవరివో చెప్పిన మనిషి, గడప తట్టుకుని పడ్డాడు. ఆ రోజునుంచి ఆయన నడిచేది తన మాట పట్టుకునే. ముందర గడప, ఇటు గేదె పలుపు, కంచంలో నీ కుడిచేతి పక్క పప్పు, అటు చేప ముల్లుంది చూసుకో. వచ్చేవాడు దానయ్య, మొహం మాడ్చుకుని వస్తున్నాడు, అప్పడిగేవాడి మొహంలా ఉంది. ఇవాళ బారువ వైపు మబ్బు పట్టింది, మసి గుడ్డలా ఉంది. కోడలు కొత్త రైక తొడిగింది, రంగు బాలేదు, బాగుందని చెప్పు. పొద్దు లేచిన దగ్గర్నుంచి ఇలా వాగుతూనే ఉంటుంది, చూసేవాళ్ళకు వసపిట్టలా కనబడుతుంది. కానీ ఆ వాగుడు ఆగిన చోటల్లా ఆయనకు లోకం ఆగిపోతుంది. ఒక్కోసారి చెరువుకెళ్ళి ఆలస్యంగా వస్తే అరుగు మీద అలాగే కూర్చుని ఉండేవాడు, లేచి లోపలికి కూడా పోకుండా. ఎందుకలా కూర్చున్నావంటే, 'నువ్వొచ్చి దీపమెడతావని' అనేవాడు. గుడ్డివాడికి దీపమేమిటోయ్ అని తను నవ్వేది. ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

"మా బావ కత మీకు తెల్దు కదా!" వరండాలోంచి సీతారత్నం గొంతు. అదిగో మొదలెట్టింది. ఎవరో కొత్తగా వచ్చిన రోగి బంధువులు దొరికారు కాబోలు. "తుపాను ఎల్లిపోనాక మర్నాడు తోటలోకి తీసుకెల్లినామా, ఓలమ్మో, ఆ సెట్టు పట్టుకుని ఈ సెట్టు పట్టుకుని ఒకటే ఏడుపు! మా అప్ప అక్కడికక్కడే కూలబడిపోనాది. నానే ఇద్దరినీ ఇంటికి మోసుకొచ్చినాను." బొడ్డమ్మ రెండు పిడికిళ్ళతో దుప్పటి పట్టుకుంది. ఒసే అబద్ధాల దానా! నువ్వు ఆ రోజు మీ పుట్టింట్లో ఉన్నావు. ఏడవలేదు వాడు. ఒక్క బొట్టు రాల్చలేదు. ఎన్ని చెట్లు పడ్డాయే అని అడిగాడు. తను చెప్పలేకపోయింది. చెప్పలేక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఒక్కో మాను దగ్గరా ఆపి, అరచెయ్యి దాని మీద పెట్టించింది. వాడు తడిమి చెప్పేవాడు, ఇది మా అయ్య నాటింది, ఇది తీపి నీళ్ళది, ఇది చిన్నప్పుడు నన్ను పడేసింది. తను అది ఎలా పడిందో చెప్పేది. ఇది సముద్రం వైపు తలపెట్టి పడింది, ఇది బావి మీద చెయ్యేసుకున్నట్టు పడింది, ఇది పడలేదు మావా, వంగింది, నిలబడింది, నడినెత్తిన మొవ్వు ఉంది. 'మొవ్వున్నాదా? సరిగ్గా సూడు' అన్నాడు. సరిగ్గా చూసి ఉందని చెప్పింది. ముందు తన మాట, వెనక వాడి అడుగు, తోటంతా తిరిగి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. అది కథ. అలా చెప్పాలి. ఏడ్చాడట! ఎంత మంచి కథను ఎంత చచ్చుగా చంపేస్తోంది, దిద్దేవాళ్ళు లేరు. ఇక ముందు ఇంతేనా? తను బతికుండగానే తన కథలన్నీ ఈ సీతారత్నం నోట్లో పడి కుళ్ళిపోవడమేనా?

కిటికీలోంచి జీడి కాల్చే పొగ వచ్చింది. పలాసను ఆనుకున్న ఈ కాశీబుగ్గలో ఏ గదిలో పడుకున్నా ఈ పొగే. ఊపిరితిత్తుల్లో గుచ్చుకునే ఈ వాసనకు కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, బొడ్డమ్మకు మాత్రం ఒళ్ళంతా లేచి కూర్చుంది. ఎన్నేళ్ళు ఈ ఊరి షెడ్లలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది, తనూ సీతారత్నం ఒకే వరసలో, ముందర వేడికి ఆరబెట్టిన పప్పు కుప్ప. పైన ఎర్రపొట్టు. బొటనవేలి గోరు అంచున పెట్టి, పప్పు విరగకుండా ఒక్క ఊపున లాగాలి. పొట్టు ఎక్కడ కాస్త లేచిందో గోరు అక్కడికే పోతుంది, కళ్ళు చూడక్కర్లేదు. కళ్ళు ఖాళీ గనక నోరు కథ చెప్పేది, వరస వరసంతా వినేది, మేస్త్రీ 'నోర్లు మూస్తే పప్పు పెరుగుద్ది' అని అరిస్తే, 'నోరు మూస్తే నిద్రొత్తాది బావూ, పప్పు నోట్లోకెల్తాది' అని తను అనేది. ఆ నవ్వులు. ఆ చేతులు ఇప్పుడు చూసుకుంటే ఏముంది, జీడిసొన తినేసిన వేళ్ళు, నల్లగా, గరుకుగా, గీతల్లేకుండా. ఊళ్ళో ఆడవాళ్ళందరివీ అవే చేతులు. చెయ్యి పట్టుకుంటే పోలికే లేదు. తను మాట్లాడకుండా గున్నయ్య చెయ్యి పట్టుకుంటే, ఇది బొడ్డమ్మ చెయ్యో, సీతారత్నం చెయ్యో, పక్కింటి ముసలమ్మ చెయ్యో వాడికి ఎలా తెలుస్తుంది? నలుగురిలో నన్ను నేనని చెప్పుకోడానికి నా దగ్గర ఉన్నది ఒక్క మాటే కదా. దానినే కదా కోసింది.

"ఏడుత్తన్నావేటి అప్పా?" సీతారత్నం లోపలికి వచ్చింది, వేళ్ళ పగుళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ. ప్రేమ లేని మనిషి కాదు, ఆ సంగతి అన్యాయంగా అనకూడదు. పిల్లలను వదిలేసి వచ్చి కూర్చుంది. కళ్ళు తుడిచింది, తలగడ సర్దింది, ఎదురుగా వంగింది, వంగి గొంతు చూసింది. "ఓలప్పా, నీ జిగురు ఒకపక్క లేసిపోనాది. పొట్టులాగ లేసినాది. ఉండు." బొడ్డమ్మకు ఆ 'ఉండు' అర్థమయ్యేలోపే, నూనె బొటనవేలి గోరు కోత చివర పడింది. ఆ గోరు తనకు తెలుసు. అది ఎలా పోతుందో, ఎక్కడ ఆగదో తెలుసు. అరవబోయింది. గాలి. చెయ్యి లేపి మణికట్టు పట్టుకునేసరికి పొర సగం దూరం లేచిపోయింది, మంట పుట్టింది, తడి తగిలింది. సీతారత్నం తన వేలు తానే చూసుకుంటూ నిలబడిపోయింది, గోరుకి అంటుకున్న ఆ పారదర్శకపు ముక్క, దాని చివర ఎర్రగా. "నానేటి సేసినాను? నానేటి సేసినానప్పా? పప్పనుకున్నాది నా సెయ్యి..."

అశ్విని పరుగెత్తుకొచ్చి గుడ్డ అదిమి పట్టుకుంది, పట్టుకుని తిట్టింది, ఆ పిల్ల టెక్కలి పిల్ల, నోరు చిన్నదేం కాదు. "జీడిపప్పనుకున్నావా పిన్నీ, మనిసి మెడ? నూనె సెయ్యెట్టి గోకేత్తావేటి? సదువుకోకపోతే పోనీ, సూపు కూడా నేదా?" సీతారత్నం మూలకు వెళ్ళి గోడకు అంటుకుపోయింది. తిట్టకే పిల్లా, నాకు తెలుసు ఆ చెయ్యి, నేనైనా అదే చేద్దును, నాలుగు రోజులుగా నా గోరు కూడా అదే అడుగుతోంది అని చెప్పాలి, చెప్పేవాళ్ళు లేరు. తన మీద జరిగిన ముచ్చటకు తనే సాక్షి, సాక్షికి నోరు లేదు. డాక్టరు వచ్చి దీపం దగ్గరకు లాగి చూశాడు. "లోపల కుట్టు బాగానే ఉంది. పైన ఒక కొస విడింది, అంతే. కదలకండి అమ్మా, మింగకండి." నూనె తుడిచాడు, రెండు వేళ్ళతో అంచులు దగ్గరకు నొక్కి, చిన్న సీసాలోంచి చుక్క చుక్కగా వేశాడు. మొదటిసారి వేసినప్పుడు మత్తులో ఉంది, తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. చల్లగా పడింది, పడిన కాసేపటికి వెచ్చబడింది, లోపలెవరో చిన్న పొయ్యి రాజేసినట్టు, ఆ వెచ్చన మెల్లగా గట్టిపడి తోలును రెండు వైపుల నుంచి లాగి పట్టుకుంది. పట్టుకోవడం తెలిసింది. దీనికి దమ్ముంది, కాదనకూడదు. అయినా కోపం పోలేదు. తోలు అతికించే మందు కనిపెట్టిన మహానుభావులు, తెగిన మాట అతికించే చుక్క ఒకటి సీసాలో ఉంచకూడదా?

"ఏదీ, ఒకసారి 'ఈ' అనండి" అన్నాడు డాక్టరు, సీసా మూత పెడుతూ. బొడ్డమ్మ పెదాలు బిగబట్టింది. "గొంతు నరం దగ్గర కోశాం కదమ్మా, కొంచెం నలిగి ఉండచ్చు. చాలామందికి మెల్లగా వస్తుంది. కొందరికి బొంగురు మిగిలిపోతుంది. అనకపోతే మాకెలా తెలుస్తుంది?" కళ్ళు మూసుకుంది. బొంగురు మిగిలిపోతుంది అన్నాడు. మిగిలితే అది ఎవరి గొంతు? ఆయన కాసేపు చూసి, కింద ఎవరో పిలిస్తే, 'సాయంత్రం వస్తాను, అప్పుడు తప్పదు' అని దిగిపోయాడు. వెంట అశ్విని. సీతారత్నం మూలలోనే ఉంది, వేళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుంటూ.

రైలు కూసింది. రైలు కాదు, బస్సు కావాలి. బస్సు ఏ చోటుకు వచ్చి ఉంటుంది? రైలు గేటు దగ్గర ఆగిపోయుంటే బాగుణ్ను. టైరు పగిలినా బాగుణ్ను, ఎవరికీ దెబ్బ తగలకుండా. వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతే, ఇంకో నాలుగు రోజులు, ఈ పొర రాలిపోయేదాకా, ఆలోపు మాట వస్తుందో రాదో తేలిపోయేదాకా. లేదా సీతారత్నంతో చెప్పిస్తే, అప్పకు జిగురు ఆరలేదు, మాట్లాడకూడదు అని. నమ్ముతాడు. ఈవేళకు నమ్ముతాడు. రేపో? ఇంటికెళ్ళాక? అరుగు మీద కూర్చుని, పక్కనే తను కూర్చుని ఉన్నా తెలియక, 'అదెక్కడికెల్లినాది?' అని కోడల్ని అడుగుతాడు. ఆ మాట ఇప్పుడే చెవిలో వినబడుతోంది, ఇంకా అనని మాట. చప్పట్లు కొట్టాలా కుక్కను పిలిచినట్టు? గాజులు గలగల్లాడిద్దామంటే ఆపరేషనుకని గాజులు తీయించేశారు. దగ్గుదామంటే దగ్గులో కూడా గాలే. ఛీ, ఎందుకు ఒప్పుకుంది. ఊపిరాడక చచ్చినా మాట్లాడుతూ చచ్చేది కదా.

మెట్ల మీద చప్పుడు. ఒకటి చెప్పుల చప్పుడు, ఒకటి ఉత్త పాదం. ఉత్త పాదం ఒక్కో మెట్టు దగ్గర ఆగి, కనుక్కుని, ఎక్కుతోంది. "ఇంకెన్నిరా?" "ఇంకొచ్చీసినాం అయ్యా." గుమ్మంలోకి గున్నయ్య వచ్చాడు. ఎంత చిక్కిపోయాడు నాలుగు రోజులకు! గెడ్డం మాసింది. ఊరెళ్ళేటప్పుడు తొడుక్కునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు, గుండీలన్నీ ఒకటి దాటించి పెట్టుకున్నాడు, కాలరు ఒక పక్క చెవి దాకా ఎక్కి, ఇంకో పక్క కింద వేలాడుతోంది. ఆ బస్సులో జనమంతా చూసుంటారు. పక్కనున్న కొడుకు చూడలేదు, కోడలు చూడలేదు, ఒక్కరికీ కళ్ళు లేవు ఆ ఇంట్లో. ధనుంజయ్ గుమ్మం దగ్గర, వెనకే పైకొచ్చిన అశ్వినితో మందుల సంగతి మాట్లాడుతూ ఆగిపోయాడు. గున్నయ్య చెయ్యి ముందుకు చాచి నడిచాడు. చేతికి మంచం కోడు తగిలింది. అది బొడ్డమ్మ మంచం కాదు, కంచిలి ఆవిడ ఖాళీ చేసిన మంచం. తలగడ తడిమాడు, ఉండకట్టిన దుప్పటి తడిమాడు, మెత్తగా ఒక చెయ్యి దాని మీద పెట్టి, తల వంచి, చెవి దగ్గర పెట్టాడు.

"ఏటే," అన్నాడు. "ఎలాగున్నావు?"

దుప్పటి ఏం చెబుతుంది? మూలలోంచి సీతారత్నం "బావా, అది కాదు..." అని ఏడుపు గొంతుతో అనబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. గున్నయ్య ఇంకాస్త వంగాడు. "నొప్పా? మాటాడవేటి? కోపమొచ్చినాదా, నిన్ననే రానేదని?" ఖాళీ మంచంతో. తన మొగుడు, పదిమంది తిరిగే ఆసుపత్రిలో, ఖాళీ మంచాన్ని బతిమాలుకుంటున్నాడు. బొడ్డమ్మకు అరికాలి నుంచి లేచింది. అది ఏడుపు కాదు, జాలి కాదు, ఒట్టి కోపం, నాలుగు రోజుల కోపం, కంచిలి ఆవిడకు చెప్పని జవాబు, సీతారత్నానికి దిద్దని కథ, డాక్టరుకు అనని 'ఈ', అన్నీ ఒక్కసారి వచ్చి ఆ కోత వెనక గుమిగూడి తోశాయి. జిగురు బిగుసుకుంది. ఊడితే ఊడనీ.

"ఇటు."

ఎవరిదా గొంతు? రాతి మీద కొడవలి నూరినట్టుంది. కొంత వచ్చి కొంత రాక, మధ్యలో తెగి. గున్నయ్య ఉలిక్కిపడి దుప్పటి మీద చెయ్యి తీసేశాడు. మొహం ఇటు తిప్పాడు, తిప్పి, కొత్తవాళ్ళ ముందు నిలబడినట్టు కాస్త ఒదిగి నిలబడ్డాడు.

"ఎవులమ్మా? తప్పు మంచం కాడికొచ్చీసినానేటి? సూపు నేనోణ్ణి, తప్పనుకోకు. మా ఆడమనిసి ఏ మంచం మీదున్నాదో కాసింత సెప్తావా తల్లీ?"

తల్లీ అన్నాడు. భయపడ్డదంతా జరిగిపోయింది, చక్కగా, తెల్లటి పగటి వెలుగులో. ఇక భయపడ్డానికి ఏమీ మిగల్లేదు. మిగలకపోయేసరికి బొడ్డమ్మకు ఆ కాలరు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"గుండీలు," అంది. గాలి ఎక్కువ, మాట తక్కువ. మళ్ళీ ఊపిరి తీసుకుంది. "గుండీలు... ఏటలగెట్టుకున్నావు? ఒకటి... దాటీసినావు. బస్సంతా నవ్వుంటాది... సిగ్గు నేదు."

  గున్నయ్య చెయ్యి మెల్లగా పైకి పోయి కాలరు పట్టుకుంది, ఆ ఎగుడుదిగుడు కొలిచింది. గుండీలన్నీ పైనుంచి కిందికి విప్పాడు. కిందినుంచి మళ్ళీ మొదలెట్టాడు, ఒక్కోదానికి కన్నం వెతుక్కుంటూ, దారి తప్పుతూ, పైదాకా వచ్చాడు. వచ్చి, తల వంచి, చెవి ఇటు పెట్టాడు.

"ఇప్పుడో? ఇప్పుడు సరిగ్గున్నాదేటే?"

బొడ్డమ్మ చూసింది. ఇందాక పైకున్న పక్క ఇప్పుడు కిందికి వచ్చింది.

"నేదు," అంది. "మళ్ళీ ఇప్పు."